సైకిలెక్కే కాళ్లకు బరువులెందుకు?

మంగంపేట రాయిని మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్లు ఎవరైనా ఒక్క క్షణం తడబడతారు. చూడ్డానికి పిడికెడే... ఎత్తితే తెలుస్తుంది దాని సంగతి. అదే సైజు మామూలు బండరాయితో పోలిస్తే ఒకటిన్నర రెట్లు బరువు! ఆ ముగ్గురాయికి దేశదేశాల్లో గిరాకీ ఉన్నదీ ఆ బరువు వల్లే. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి నుంచి తన్నుకొచ్చే ఒత్తిడిని అదిమిపెట్టడానికి దాని పొడిని బురదలో కలిపి వాడతారు.

కాబట్టి బరువు విలువేంటో ఆ ఊరివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ సైకిల్ మీద దూరాలు తొక్కేవాళ్ల దగ్గర బరువు మాటెత్తి చూడండి... మొహం చిట్లిస్తారు. తేలికైన ఫ్రేము, తేలికైన చక్రాలు, తేలికైన ఒళ్లు- ఎంతసేపూ వాళ్ల ధ్యాస వీటిమీదే. 'జిమ్‌కెళ్లి కండలు పెంచుకుంటే ఘాట్ ఎక్కేదెలా?' అన్నది వాళ్ల మొదటి ప్రశ్న. 'రోజూ తొక్కుతూనే ఉన్నాంగా, కాళ్లకు అంతకన్నా కసరత్తు ఏముంటుంది?' అన్నది రెండోది. రెండూ సబబైన ప్రశ్నలే. పరిశోధకులు ఏళ్ల తరబడి తర్జనభర్జన పడింది కూడా వీటిమీదే.

48 వేల తొక్కుళ్లు

మంగంపేటలో తెల్లవారుజామునే బయల్దేరి రాజంపేట, నందలూరు, ఒంటిమిట్ట మీదుగా కడప చేరారనుకోండి. అక్కణ్నుంచి గువ్వలచెరువు ఘాట్ ఎక్కి, పాలకోవా తిని, మళ్లీ అదే దారిన ఇంటికొస్తే రమారమి 200 కిలోమీటర్లు. దూరప్రయాణాల సైక్లిస్టులు ఇలాంటి సవారీని 'బ్రెవే' అంటారు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాలన్నది నియమం. మన దగ్గర హైదరాబాద్ రాండనీర్స్ లాంటి క్లబ్బులు వీటిని నిర్వహిస్తుంటాయి. 300, 400, 600 కిలోమీటర్లవీ ఉన్నాయి. 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ అయితే ఏకంగా 1200 కిలోమీటర్లు... 90 గంటల్లో!

గంటకు 20 కిలోమీటర్ల చొప్పున వెళ్తే 200 కిలోమీటర్లకు పది గంటలు. నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పితే ఒక్కో కాలు పది గంటల్లో 48 వేలసార్లు తొక్కాలి. ఉదయం పూట ఘాట్ ఎక్కడం కాదు అసలు పరీక్ష. సాయంత్రం రాజంపేట దాటాక, ఒంట్లో సత్తువ అయిపోయి, ఎదురుగాలి కొడుతున్నప్పుడు మొదలవుతుంది. బరువుల ప్రయోజనం బయటపడేది సరిగ్గా అక్కడే.

అదెలాగంటే- మీ కాలు గరిష్ఠంగా వంద పాళ్ల బలంతో తొక్కగలదనుకుందాం. దార్లో ప్రతి తొక్కుడికీ అందులో పాతిక పాళ్లు ఖర్చవుతోంది. బరువులెత్తి ఆ గరిష్ఠ బలాన్ని 125కి పెంచుకుంటే అదే తొక్కుడు ఐదోవంతుతోనే అయిపోతుంది. కండరంలో నెమ్మదిగా పనిచేస్తూ త్వరగా అలసిపోని పోగులుంటాయి. వేగంగా పనిచేసి చప్పున చేతులెత్తేసేవీ ఉంటాయి. కాలికి బలం పెరిగితే మొదటి రకమే ఎక్కువసేపు పని లాక్కొస్తుంది. రెండో రకం ఆఖరి మెట్ట కోసం మిగిలి ఉంటుంది.

ప్రయోగాల్లో ఏం తేలింది?

1988లో రాబర్ట్ హిక్సన్ అనే శాస్త్రవేత్త బృందం అమెరికాలో ఓ ప్రయోగం చేసింది. అప్పటికే పరుగు, సైక్లింగ్‌లలో సాధన చేస్తున్నవాళ్లతో పది వారాలపాటు కాళ్లకు బరువుల కసరత్తు చేయించారు. అంతకుముందు ఒక స్థాయి తీవ్రతతో 71 నిమిషాలు తొక్కి అలసిపోయినవాళ్లు, ఆ తర్వాత 85 నిమిషాలు తొక్కగలిగారు. తమాషా ఏంటంటే వాళ్ల శరీరం ఆక్సిజన్‌ని వాడుకునే సామర్థ్యం మాత్రం పెరగలేదు. అంటే ఊపిరి అదే. కాళ్లే గట్టిపడ్డాయి.

నార్వేకి చెందిన బెంట్ రోనెస్టాడ్ బృందం పరీక్ష మరింత కఠినం. బాగా తర్ఫీదు పొందిన సైక్లిస్టుల్లో ఒక జట్టుకు సైక్లింగ్‌తోపాటు వారానికి రెండుసార్లు, 12 వారాలు బరువులు కూడా ఇచ్చారు. తర్వాత అందర్నీ 185 నిమిషాలు తొక్కించి, ఆగకుండా చివరి ఐదు నిమిషాలు శక్తికొద్దీ తొక్కమన్నారు. బరువులెత్తినవాళ్ల పాటవం ఆ ఐదు నిమిషాల్లో దాదాపు ఏడు శాతం మెరుగుపడింది. ఉత్త సైక్లింగే చేసినవాళ్లలో మార్పు లేదు. ఈ ఫలితాలు 2011లో వెలువడ్డాయి.

మరి కండలు పెరిగి బరువెక్కడం సంగతి? అదే ఏడాది డెన్మార్క్ పరిశోధకుడు పెర్ ఆగార్డ్ బృందం అగ్రశ్రేణి యువ సైక్లిస్టుల మీద చేసిన అధ్యయనం ఆ భయాన్నీ తీర్చేసింది. 16 వారాల కసరత్తు తర్వాత 45 నిమిషాల పరీక్షలో వాళ్లు ఎనిమిది శాతం మెరుగయ్యారు. కండరాల పోగులు మాత్రం లావెక్కలేదు. గంటలకొద్దీ సైకిల్ తొక్కే ఒళ్లు పహిల్వాన్ ఒళ్లుగా మారడం అంత తేలిక కాదు మరి!

అలాగని అన్ని ప్రయోగాలూ ఒకే మాట చెప్పలేదు. 1999లో మహిళా సైక్లిస్టులతో డేవిడ్ బిషప్ బృందం 12 వారాలు స్క్వాట్‌లు చేయిస్తే కాళ్ల బలం పెరిగింది కానీ గంటసేపు తొక్కే పరీక్షలో తేడా కనిపించలేదు. 2016లో నార్వేలో మహిళలతోనే చేసిన మరో అధ్యయనంలో 40 నిమిషాల పరీక్షలో మెరుగుదల కనిపించింది. కాబట్టి 'బరువులెత్తితే ఖాయంగా ఇంత వేగం పెరుగుతుంది' అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మక్కర్లేదు. ప్రయోజనం ఉంటుందనే దిశగా మొగ్గు ఎక్కువ- అంతే.

మూటలు మోసేవాళ్లకూ అవసరమా?

గనుల్లో, పొడి మిల్లుల్లో రోజంతా బరువులు మోసేవాళ్లున్నచోట ఈ ప్రశ్న రావడం సహజం. శ్రమ వేరు, సాధన వేరు. సాధనలో బరువు కొద్దికొద్దిగా పెరుగుతుంది, మధ్యలో విశ్రాంతి ఉంటుంది. ఆ విశ్రాంతిలోనే కండరం బలపడుతుంది. శ్రమలో రోజూ అదే బరువు, అదే అలసట. ఒళ్లు హూనమయ్యే పని చేసేవాళ్లకు కావాల్సింది జిమ్ కాదు... కంటినిండా నిద్ర, కడుపునిండా తిండి. కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసుకునేవాళ్లకే ఈ బరువుల అవసరం ఎక్కువ.

ఎలా మొదలెట్టాలి?

* వారానికి రెండుసార్లు చాలు. స్క్వాట్, ఒంటికాలి లెగ్‌ప్రెస్, మడమలు పైకెత్తడం, బరువుకు ఎదురుగా మోకాలిని పైకి లాగడం- ఈ నాలుగూ ముఖ్యం.

* మొదటి మూడు నాలుగు వారాలు తేలికపాటి బరువులతో పద్ధతి నేర్చుకోండి. తర్వాత, పదిసార్లకు మించి ఎత్తలేనంత బరువుకు మెల్లగా వెళ్లండి. చిన్న డంబెల్‌ని 50 సార్లు ఆడిస్తే లాభం లేదు. ఆ పని సైకిల్ ఎలాగూ చేయిస్తోంది.

* జిమ్ దూరమా? వీపున బియ్యం నింపిన సంచి తగిలించుకుని మెట్టెక్కి దిగండి. బస్కీలు తీయండి. సునాయాసంగా పదిహేను దాటుతున్నాయంటే సంచిలో మరికొంత బియ్యం పోయాల్సిందే.

* దూరప్రయాణానికి ముందురోజు బరువుల జోలికెళ్లొద్దు. మొదట్లో తొడల నొప్పులు రెండు మూడు రోజులు ఉంటాయి.

* బలం వచ్చాక వారానికి ఒక్కసారి చేసినా నిలబడుతుంది. పూర్తిగా మానేస్తే మాత్రం జారిపోతుంది.

* రాగిసంగటి సత్తువనిస్తుంది కానీ కండరం కోలుకోవడానికి పప్పు, శనగలు, గుడ్లు, పాలు కూడా కావాలి.

* రక్తపోటు, గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు.

ఏది వదులుకోవాలి?

ఉద్యోగం, పిల్లల చదువులు, ఇంటి పనులు పోను వారానికి ఆరుగంటలే మిగిలితే... అందులో బరువులకెక్కడ చోటు? ఆదివారం చేసే దూరప్రయాణాన్ని మాత్రం ముట్టుకోవద్దు. సైకిల్ మీద సాధించాల్సింది సైకిల్ మీదే సాధించాలి. మామూలు రోజుల్లో చేసే చిన్న సవారీల్లో ఒకటి రెండు తగ్గించి ఆ సమయం బరువులకివ్వండి.

పోటీలతో పనిలేనివాళ్లూ ఆలోచించాల్సిన విషయం ఇంకోటుంది. సైకిల్ గుండెకి మంచిది, మోకాళ్లకు సుఖం. కానీ ఒంటి బరువంతా సీటు మోస్తుంది కాబట్టి ఎముకకు పని తక్కువ. ఏళ్ల తరబడి ఉత్త సైక్లింగే చేసేవాళ్లలో వెన్నెముక సాంద్రత తక్కువగా ఉంటుందని చాలా అధ్యయనాల్లో తేలింది. దానికితోడు నలభై దాటాక కండ కూడా కరగడం మొదలవుతుంది. గుంత తప్పించబోయి పడ్డప్పుడు పాతికేళ్లవాడు దులుపుకుని లేస్తాడు. అరవైలో అదే పడిపోవడం తుంటి ఎముక మీదకు రావచ్చు. ఆడవాళ్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. బరువులు మగవాళ్ల వ్యవహారమని ఇంకా అనుకునేవాళ్లు కరణం మల్లీశ్వరిని గుర్తుచేసుకోవాలి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె ఎత్తింది మొత్తం 240 కిలోలు!

కొత్త సైకిల్‌కి లక్ష పెట్టే ముందు దాన్ని తొక్కే కాళ్లకు వారానికి రెండు గంటలు పెట్టి చూడండి. సైకిల్‌ని నాలుగేళ్లకు మార్చుకోవచ్చు. కాళ్లు మాత్రం చివరిదాకా అవే.