బెల్లంపల్లికి మళ్లీ సైకిల్

బెల్లంపల్లి బొగ్గుబాయిలకు సింగరేణి కార్మికులు ఒకప్పుడు సైకిళ్ల మీద డ్యూటీకి వెళ్లేవారు. ఇప్పుడు ఊళ్లో కూరగాయలకూ, బడికీ కూడా కార్లు కదులుతున్నాయి. ఇంజిన్ వేడెక్కకముందే ముగిసే ఇలాంటి ప్రయాణాల్లోనే కిలోమీటరుకు పెట్రోలు ఎక్కువ కాలుతుంది, విషపు పొగా ఎక్కువే. రెండు, మూడు కిలోమీటర్లయితే సైకిల్ మీద పావుగంట దారి.

ఇలాంటి పనులకు కొనే సైకిల్‌కు గేర్ల కన్నా గట్టి క్యారియర్, ముందు బుట్ట, మడ్‌గార్డులు, లైటు ముఖ్యం. సీటు ఎత్తు కుదరకపోతే మోకాళ్లు నొస్తాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు. బెల్లంపల్లికి అంత అవసరం లేదు. మార్కెట్‌ను, బడులను, రైల్వే స్టేషన్‌ను కలిపే చెట్ల నీడ దారి, తాళం వేసుకునే స్టాండ్లు ఎండాకాలానికి ముందే కావాలి.