సర్టిఫికెట్ ఉంటే అసలుదైపోతుందా?

1973 జూన్ 9న న్యూయార్క్‌ బెల్మాంట్ పార్క్‌లో సెక్రటేరియట్ అనే గుర్రం ఒకటిన్నర మైళ్ల రేసును 2 నిమిషాల 24 సెకన్లలో ముగించింది. రెండో గుర్రం 31 లెంగ్త్‌ల వెనక ఉండిపోయింది. అమెరికాలో 25 ఏళ్ల తర్వాత దక్కిన ట్రిపుల్ క్రౌన్ అది. దానిమీద 2 డాలర్లు కాసినవాళ్లకు వచ్చేది 2.20 డాలర్లే. అయితే 5,617 గెలుపు టికెట్లను జనం అసలు క్యాష్ చేసుకోలేదు. గుర్తుగా దాచుకున్నారు.

ఆ టికెట్ల సంఖ్య మనకెలా తెలుసు? బెట్టింగ్ కౌంటర్ లెక్క ఉంది కాబట్టి. ఎన్ని అమ్మారు, ఎన్నింటికి డబ్బులిచ్చారు అన్నది అప్పుడే రికార్డయింది. నా వాదనంతా ఈ పాయింట్ మీదే. పాత వస్తువు విలువ దానితో వచ్చే సర్టిఫికెట్‌లో లేదు, ఆ రోజే రాసిపెట్టిన రికార్డులో ఉంది.

లాడాల సంగతి చూడండి. సెక్రటేరియట్ రెండు సీజన్లలో 21 రేసులు పరిగెత్తింది. గుర్రానికి కొన్ని వారాలకోసారి లాడాలు మారుస్తారు. మరి ‘ఇది బెల్మాంట్‌లో వేసిందే’ అని ఇవాళ ఎవరైనా అమ్మితే నమ్మేదెలా? ఎప్పుడు తీశారు, ఎవరికిచ్చారు అన్నది అప్పుడే రాసి ఉండాలి. లేదంటే అందమైన ఫ్రేమ్‌లో పెట్టిన ఇనుమో, అల్యూమినియం ముక్కో.. అంతే.

సర్టిఫికెట్‌నే నమ్మితే ఏమవుతుందో 1990ల్లో ఎఫ్‌బీఐ నడిపిన ‘ఆపరేషన్ బుల్‌పెన్’ చూపించింది. ఆటగాళ్ల సంతకాలు ఫోర్జరీ చేసిన ముఠాలు వాటికి జతగా దొంగ సర్టిఫికెట్లూ అంటగట్టాయి. ఆ దెబ్బతో మేజర్ లీగ్ బేస్‌బాల్ 2001లో పద్ధతి మార్చింది. మనిషి మైదానంలోనే ఉండి చూస్తాడు, బంతికో బ్యాటుకో నంబరున్న హోలోగ్రామ్ అతికిస్తాడు, వివరాలు డేటాబేస్‌లో ఎక్కిస్తారు. ఇక్కడ స్టిక్కర్ కన్నా ముఖ్యం.. కళ్లారా చూసిన సాక్షి.

‘బ్లాక్‌చెయిన్‌లో పెడితే సరిపోదా?’ అని టెక్ ఫ్రెండ్స్ అడుగుతుంటారు. సరిపోదు. ఎక్కించిన ఎంట్రీని ఎవరూ మార్చకుండా అది కాపాడుతుందంతే. ఎక్కించిందే అబద్ధమైతే ఆ అబద్ధం కూడా భద్రంగా ఉంటుంది! పాత ఫొటోలతో వస్తువు మీది గీతలు, కుట్లు పోల్చి చూసే ఫొటో మ్యాచింగ్ దీనికన్నా నయం. అదీ స్పష్టమైన ఫొటో దొరికితేనే.

ఇది అమెరికా గుర్రాల గోల, మనకెందుకు అనుకోవద్దు. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్లతో ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల గురించి మనందరికీ తెలుసు. లెటర్‌హెడ్, స్టాంప్, సంతకం అన్నీ పక్కాగానే ఉంటాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు చూసేది మాత్రం పీఎఫ్ ఖాతా, పాత కంపెనీ రికార్డు. డిజిలాకర్‌లో మార్కుల మెమోకి విలువ కూడా అది బోర్డు నుంచి నేరుగా వస్తుంది కాబట్టే.

అందుకే ఆటల గుర్తులు కొనాలనుకునే కుర్రాళ్లకు నా మాట ఒకటే. డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. మొదట దీన్ని ఎవరు తీసుకున్నారు? అది ఎప్పుడు నమోదైంది? అక్కడి నుంచి మీ దాకా ఏయే చేతులు మారింది? మూడింట్లో ఒక్కదానికి జవాబు నీళ్లు నమిలినా పర్సు తీయొద్దు. అభిమానం ఉంటే ఆ రేసు వీడియో చూడండి.. దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు.