బస్సులో పక్క సీటు

ధర్మవరంలో రైలెక్కి పెనుకొండ మీదుగా హిందూపురం వెళ్ళేవాళ్ళకు ఆ చప్పట్లు కొత్త కాదు. అవి వినపడగానే కొందరు నిద్ర నటిస్తారు. కొందరు కిటికీవైపు తిరుగుతారు. కుర్రవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుకుంటారు. ఒళ్ళో పసిబిడ్డ ఉన్న తల్లి మాత్రం పది రూపాయలు తీసిచ్చి, బిడ్డ తలమీద చెయ్యి పెట్టమంటుంది. హిజ్రా దీవెన ఫలిస్తుందని ఆమె నమ్మకం. దీవించిన ఆ మనిషికి ఇల్లు అద్దెకెవరిచ్చారు, జ్వరమొస్తే ఆస్పత్రిలో ఏ వార్డులో పడుకోబెడతారు అన్న ప్రశ్నలు ఎవరికీ తట్టవు. నాకూ చాలాకాలం తట్టలేదు. స్త్రీల శ్రమ గురించి ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకున్న నా ఫారాల్లో ఆడ, మగ అని రెండే గడులు ఉండేవి. మూడో గడి ఎందుకు లేదని నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 'స్త్రీశక్తి' పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలతో పాటు ట్రాన్స్‌జెండర్లకు కూడా ఉచిత ప్రయాణం అన్నారు. ఆ రోజుల్లో ఒక సమావేశంలో మన మిత్రురాలొకరు, "ఆడవాళ్ళకిచ్చిన దాంట్లో వాళ్ళెందుకు? వాళ్ళు స్త్రీలెట్లా అవుతారు?" అని అడిగారు. వరకట్న బాధితుల కోసం ఏళ్ళ తరబడి పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగిన మనిషి ఆమె. కాబట్టి ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. ఈ వ్యాసం ఆమె కోసమే.

మన సంస్కృతిలో వీళ్ళకు చోటు లేదనడం నిజం కాదు. 1963లో వచ్చిన 'నర్తనశాల'లో ఎన్.టి. రామారావు బృహన్నల వేషం కట్టారు, జనం నీరాజనాలు పట్టారు. స్త్రీ పాత్రలకు పేరుపొందిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది. సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మ నడకను ఇప్పటికీ తలచుకుంటారు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. వీటన్నిటిలో ఉన్న షరతు ఒక్కటే: ఆట ముగిశాక వేషం తీసెయ్యాలి. వేషం తీసి ఇంటికి వెళ్ళే మగవాడికి గౌరవం. తీసెయ్యడానికి అది వేషమే కానివాళ్ళకు మాత్రం ఇల్లే లేదు.

ఇది మనకు తెలియని మోసమా? స్త్రీని దేవతన్నారు, లక్ష్మి అన్నారు. ఆస్తి దగ్గరికి వచ్చేసరికి 'ఆడపిల్లకెందుకు' అన్నారు. పూజ వేరు, హక్కు వేరు అన్న సంగతి మనం ఎంతో నష్టపోయి తెలుసుకున్నాం. హిజ్రా దీవెనకు విలువ కట్టి, హిజ్రాకు విలువ కట్టకపోవడం ఆ మోసానికే ఇంకో రూపం.

అదే రామారావు 1985లో, 1989లో, 1994లో హిందూపురం నుంచే శాసనసభకు ఎన్నికయ్యారు. ఆయన ప్రభుత్వమే 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. దీన్ని బట్టి ఇంట్లోంచి గెంటివేతకు గురైన ట్రాన్స్‌జెండర్ బిడ్డను కొడుకనుకున్నా వాటా ఉంది, కూతురనుకున్నా వాటా ఉంది. అయినా చేతికి ఏమీ రాదు. ఎందుకంటే పద్నాలుగు, పదిహేనేళ్ళ వయసులో తన్నులు తిని, కట్టుబట్టలతో రైలెక్కిన బిడ్డ వాటా అడగడానికి తిరిగి రాదు. పరువు పేరుతో కూతుళ్ళ నోరు నొక్కిన ఇల్లే ఈ బిడ్డనూ వెళ్ళగొడుతోంది.

ఈ దేశం సంగతి సరే, థాయిలాండు చూడండి అంటారు కొందరు. అక్కడ 'కథోయ్' అని పిలిచే వాళ్ళు అంగళ్ళలో, హోటళ్ళలో, సినిమాల్లో బాహాటంగా కనిపిస్తారు. పట్టాయాలో వాళ్ళ నృత్య ప్రదర్శనలు 1970ల నుంచీ పర్యాటకులకు పెద్ద ఆకర్షణ. కానీ ఇరవై ఒకటో ఏట సైనిక నియామకాల వరుసలో మగవాళ్ళతో పాటు వాళ్ళూ నిలబడాలి. 2011లో కోర్టు వద్దనేదాకా, సైన్యం ఇచ్చే మినహాయింపు పత్రాల్లో 'శాశ్వత మానసిక రుగ్మత' అని రాసేవారు. ఆ కాగితం చూసిన యజమాని ఉద్యోగమిస్తాడా? 2025 జనవరి 23 నుంచి ఆ దేశంలో స్త్రీ పురుష భేదం లేకుండా ఏ ఇద్దరైనా పెళ్ళి చేసుకునే హక్కు అమల్లోకి వచ్చింది. కానీ గుర్తింపు పత్రాల్లో పేరుకు ముందుండే 'శ్రీ'ని 'శ్రీమతి'గా మార్చుకునే వీలు కల్పించే బిల్లును 2024 ఫిబ్రవరిలో అక్కడి పార్లమెంటు తిరస్కరించింది. కళ్ళముందు కనిపించడం వేరు, కాగితం మీద మనిషిగా ఉండడం వేరు.

మన దగ్గర కాగితం చరిత్ర ఇంకా చేదుగా ఉంది. 1871లో బ్రిటిషు వాళ్ళు చేసిన నేరజాతుల చట్టంలో రెండో భాగం హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరులో రాయమంది. ఆ దారిలోనే 1919లో నిజాం రాజ్యంలో ఒక చట్టం చేశారు. చీర కట్టుకుని వీధిలో ఆడిపాడితే వారెంటు లేకుండా అరెస్టు చెయ్యవచ్చు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా అది పుస్తకాల్లో బతికే ఉంది. ఎవరి లింగత్వం వాళ్ళే చెప్పుకోవచ్చని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం మాత్రం కలెక్టరు దగ్గరికి వెళ్ళి సర్టిఫికెట్టు తెచ్చుకోమంది. ఆ చట్టంలో ట్రాన్స్‌జెండర్ మనిషిపై లైంగిక దాడికి రాసిన శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ళు. ఆనాటికే స్త్రీపై అత్యాచారానికి కనీస శిక్ష పదేళ్ళు. ఒంటికి తగిలే గాయంలో ఈ తేడా ఎక్కడుంది?

ఇక మన మిత్రురాలి ప్రశ్న. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు అదే ప్రశ్న వచ్చింది. పెళ్ళి చేసుకున్న ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీ, భర్తపైనా అత్తింటివారిపైనా 498ఎ కింద ఫిర్యాదు చేసింది. పిల్లల్ని కనలేని మనిషి స్త్రీ ఎట్లా అవుతుందని అవతలివైపు వాదించారు. కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. ట్రాన్స్‌జెండర్ స్త్రీకీ ఆ సెక్షన్ రక్షణ వర్తిస్తుందని చెప్పింది. తగిన ఆధారాలు లేవని ఆ కేసును కొట్టేసింది గానీ, సూత్రం మాత్రం నిలిచింది.

ఆ వాదనను మనం మరోసారి వినాలి. గర్భసంచి ఉంటేనే స్త్రీ అంటే, 'గొడ్రాలు' అని తిట్లు తిన్న మన చెల్లెళ్ళ మాటేమిటి? ఆపరేషనులో గర్భసంచి తీయించుకున్న కూలి స్త్రీల మాటేమిటి? స్త్రీ అంటే కనే యంత్రం కాదని ఇన్నేళ్ళుగా పోరాడిన మనం, మరొకరిని గుమ్మం బయట నిలబెట్టడానికి ఆ కొలబద్దనే చేతిలోకి తీసుకుంటే ఎట్లా?

"మరి రైళ్ళలో బలవంతంగా డబ్బులు గుంజుతారు కదా?" అంటారు. కొందరు గుంజుతారు, నిజమే. వాళ్ళ సముదాయంలో గురువులకు చేలాల మీద పెత్తనమూ ఉంది. కానీ ఇంటి నుంచీ బడి నుంచీ తరిమేసిన బిడ్డకు ఆ గురువే నీడ. ధర్మవరం మగ్గాల దగ్గర, హిందూపురం బట్టల ఫ్యాక్టరీల్లో, పెనుకొండ పక్కన కార్ల ఫ్యాక్టరీలో ఎవరైనా ఆమెను చేతనైన పని అడిగారా? 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'ఇతరులు' అని లెక్కకొచ్చినవాళ్ళు 43,769 మంది. వీళ్ళలో చాలామందికి చప్పట్లు, ఒళ్ళమ్ముకోవడం తప్ప మూడో దారి మిగల్చలేదు మనం. 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయల పెన్షన్ ఉంది, మంచిదే. పెన్షన్ ఆకలి తీర్చవచ్చు గానీ పనిలో వచ్చే గౌరవాన్ని ఇవ్వలేదు.

కాబట్టి ముందు మన ఇంటి నుంచే మొదలుపెడదాం. ఈ మూడు ఊళ్ళలోని మన సంఘాల సభ్యత్వ పుస్తకం వాళ్ళకు తెరుద్దాం. పోలీసు స్టేషనుకు తోడు వెళ్ళే మన బృందం వాళ్ళ ఫిర్యాదుకూ తోడు వెళ్ళాలి. సర్టిఫికెట్టు కోసం పుట్టపర్తి కలెక్టరాఫీసుకు తిరగాల్సి వస్తే ఒంటరిగా తిరగనివ్వకూడదు. బిడ్డ నడక చూసి భయపడుతున్న తల్లి మన దగ్గరికొస్తే, "కొట్టొద్దమ్మా, బడి మాన్పించొద్దు" అని చెప్పగలగాలి. నా వంతుగా నా ఫారంలో మూడో గడి గీశాను. ఆలస్యంగానైనా.

బస్సులో మన పక్క సీటు ప్రభుత్వం ఇచ్చింది. ఆమె వచ్చి కూర్చున్నప్పుడు కొంగు దగ్గరికి లాక్కుని కిటికీవైపు తిరగడమా, "ఏ ఊరమ్మా?" అని పలకరించడమా అన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది.