చెరిపేసిన 9.6



ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ప్రోగ్రెస్ కార్డుతో పాటు మీ పిల్లల సైన్స్ ల్యాబ్ రికార్డు కూడా అడిగి చూడండి. లోలకం ప్రయోగం పేజీ తీయండి. గురుత్వ త్వరణం విలువ దాదాపు ప్రతి రికార్డులోనూ 9.8 అనే ఉంటుంది. దారం, గుండు, స్టాప్‌వాచ్ పెట్టుకుని నిజంగా కొలిస్తే ఒకరికి 9.6, మరొకరికి 10.1 రావాలి. ఆ అంకెలన్నీ రబ్బరు కింద పోయాయి. పుస్తకంలో ఉన్న విలువ రాస్తేనే మార్కులు పడతాయని పిల్లలకు తెలుసు. ఈ అలవాటు వాళ్లంతట వాళ్లు నేర్చుకున్నది కాదు. మార్కులు వేసే మేమూ, మార్కులు అడిగే మీరూ కలిసి నేర్పించాం.

సైన్స్ టీచరుగా ఇది ఎందుకు బాధపెడుతుందో చెప్పాలంటే, ఒక చిన్న గ్రహం సంగతి చెప్పాలి.

మనకు సుమారు 6 కాంతి సంవత్సరాల దూరంలో బర్నార్డ్ నక్షత్రం ఉంది. ఇది అరుణ మరుగుజ్జు, అంటే చిన్నగా, ఎర్రగా, మందంగా వెలిగే నక్షత్రం. సూర్యుడి ద్రవ్యరాశిలో ఆరో వంతు ఉంటుంది. ఇంత దగ్గరలో ఉన్నా టెలిస్కోపు లేకుండా కనిపించదు. దీని చుట్టూ గ్రహాలు ఉన్నాయా అన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు రావడానికి ఎనభై ఏళ్లకు పైనే పట్టింది.

అమెరికాలోని స్ప్రౌల్ అబ్జర్వేటరీలో పీటర్ వాన్ డి క్యాంప్ 1938 నుంచి ఈ నక్షత్రాన్ని ఫొటోలు తీయించాడు. అది కొద్దిగా ఊగుతోందని, గురుడి కంటే పెద్ద గ్రహం దాన్ని లాగుతోందని 1963లో ప్రకటించాడు. ప్రపంచం నమ్మింది. పదేళ్ల తర్వాత, 1973లో ఇద్దరు శాస్త్రవేత్తలు వేరే టెలిస్కోపుల ఫొటోలతో లెక్కకట్టారు. వాళ్లకు ఆ ఊగు కనిపించలేదు. అదే సమయంలో స్ప్రౌల్‌లోనే పనిచేసే జాన్ హెర్షీ పాత ఫొటో పలకలను మళ్లీ పరీక్షించాడు. వేరే నక్షత్రం కూడా అదే సంవత్సరాల్లో అలాగే జరిగినట్టు కనిపించింది. టెలిస్కోపు కటకానికి మార్పులు చేసింది ఆ సంవత్సరాల్లోనే. ఊగింది నక్షత్రం కాదు, పరికరమే. అయినా వాన్ డి క్యాంప్ 1995లో చనిపోయే వరకు తన గ్రహం లేదని ఒప్పుకోలేదు.

2018లో మరో బృందం, ఎన్నో ఏళ్ల కొలతలను కలిపి, 233 రోజులకోసారి తిరిగే గ్రహం ఉన్నట్టుందని చెప్పింది. 2021లో ఇంకో బృందం పరీక్షిస్తే అది గ్రహం కాదు, నక్షత్రం ఉపరితలంలోని మార్పుల వల్ల వచ్చిన సంకేతమని తేలింది.

చివరికి 2024 అక్టోబరులో, చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో ఐదేళ్లు గమనించిన బృందం అసలు గ్రహాన్ని పట్టుకుంది. భూమి కంటే చాలా చిన్నది. మూడు రోజుల్లో నక్షత్రాన్ని చుట్టేస్తుంది. ఉష్ణోగ్రత సుమారు 125 డిగ్రీలు. అది నక్షత్రాన్ని లాగే వేగం సెకనుకు అర మీటరు, అంటే మనం నడిచే వేగంలో సగం కూడా లేదు. 2025లో హవాయిలోని జెమినై నార్త్ టెలిస్కోపు కొలతలు దాన్ని ధ్రువీకరించాయి. దానితో పాటు మరో మూడు చిన్న గ్రహాలు ఉన్నాయని తేల్చాయి. ఆ పరిశోధనా పత్రానికి మొదటి రచయిత పీహెచ్‌డీ చేస్తున్న ఒక విద్యార్థి.

ఇందులో నేను గమనించమని కోరేది ఒక్కటే. 1973లో తప్పు బయటపడింది పాత పలకలు భద్రంగా ఉన్నందువల్ల. కుదరని ఫొటోలను ఎవరో పారేసి ఉంటే, హెర్షీకి పరీక్షించడానికి ఏమీ మిగిలేది కాదు. మన పిల్లలు చెరిపేస్తున్నది సరిగ్గా ఆ పలకలనే. 9.6 ఉంటే ఎందుకు తగ్గిందని అడగొచ్చు. దారం పొడవును గుండు మధ్య వరకు కాకుండా పైఅంచు వరకే కొలిచానని పిల్లవాడే కనిపెట్టొచ్చు. 9.8 రాసేశాక అడగడానికి ఏముంది?

"ఇవన్నీ బాగానే ఉన్నాయి సార్, ఎంట్రన్స్‌లో నెగెటివ్ మార్కులుంటాయి కదా" అని మీరు అనొచ్చు. నిజమే. ఫీజు కడుతున్నారు, ర్యాంకు గురించి అడిగే హక్కు మీకుంది. పరీక్ష హాల్లో తప్పు రాయమని నేను చెప్పను. కానీ ల్యాబ్ పరీక్ష హాలు కాదు. తప్పు ఎక్కడ వచ్చిందో వెతకడం అక్కడ నేర్చుకోని పిల్లలు, మాక్ టెస్టులో తప్పైన లెక్కను కూడా వెనక్కి తిరిగి చూడరు. కీ చూసి జవాబు దిద్దుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. నెల తిరిగాక అదే తప్పు మళ్లీ చేస్తారు. ఇది మీరు ఇంట్లో చూస్తూనే ఉంటారు.

నా వంతుగా ఒక మాట ఇస్తున్నాను. ఈ టర్మ్ నుంచి నా క్లాసులో 9.6 వచ్చిన పిల్లలు 9.6 అనే రాసి, తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాలు రాస్తే పూర్తి మార్కులు వేస్తాను. వచ్చిన కొలతను కొట్టేసి 9.8 దిద్దితే వేయను. అప్పుడు మార్కులు తగ్గాయని మీరు నా దగ్గరకు రావచ్చు, తప్పకుండా మాట్లాడదాం.

మీ వంతుగా, ఇవాళ సాయంత్రం "ఎన్ని మార్కులొచ్చాయి?" అన్న ప్రశ్నకు ముందు "ఏది తప్పైంది, ఎందుకైంది?" అని అడగండి. కోప్పడకుండా జవాబు వినండి. మొదట్లో దాచిపెడతారు. నాలుగు రోజులు పోతే వాళ్లే నోట్‌బుక్ తెచ్చి చూపిస్తారు.