పందిపిల్ల పారుకుంటే సూది ఒక్కటేనా దిక్కు?

పాలు మాన్పించిన వారానికే పందిపిల్లలు పారుకుంటే మన దగ్గర జరిగేది ఒక్కటే. మందుల షాపుకు పరుగు, చేతికందిన యాంటీబయాటిక్ సూది. తగ్గకపోతే ఇంకో సూది. ఏ క్రిమి అని అడిగే నాథుడు లేడు.

అడగాల్సింది అదే. ఈ.కోలై, సాల్మొనెల్లా, లాసోనియా, బ్రాకీస్పైరా ఏది పట్టినా పైకి కనబడేది విరేచనాలే. రోటా వైరస్ అయితే ఆ సూది దాన్ని తాకను కూడా తాకదు, డబ్బు మాత్రం పోతుంది. లాసోనియా మామూలు ల్యాబ్ పళ్లెంలో పెరగదు. బ్రాకీస్పైరా పెరగడానికి రోజులు పడుతుంది. పీసీఆర్ పరీక్ష కాస్త పేడలోంచి క్రిమి జన్యువును పట్టి గంటల్లో చెబుతుంది. కరోనాలో మన ముక్కుల్లో పుల్ల పెట్టి చేసింది ఇదే కదా! అయితే క్రిమి దొరికినంత మాత్రాన రోగం దానిదే అనలేం. డాక్టరు వచ్చి మందను చూడాలి, చచ్చిన పిల్లను కోసి చూడాలి.

2019లో కేంద్రం పశువులకు కొలిస్టిన్ నిషేధించింది. మంచిదే, మనుషులకు అది ఆఖరి మందుల్లో ఒకటి. మందు తీసేశారు సరే, పరీక్ష ఏది? జాతీయ లైవ్‌స్టాక్ మిషన్‌లో 100 తల్లి పందులు, 10 మగ పందుల ఫారానికి 30 లక్షల దాకా సబ్సిడీ. షెడ్డుకు డబ్బుంది, పేడ పరీక్షకు లేదా? పది పందులు పెంచుకునేవాడికి ఆ సబ్సిడీ కూడా లేదు. పిల్లలు చస్తే ‘శుభ్రత లేదు’ అన్న నింద మాత్రం అతనికే.

జిల్లా పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌లో ఈ పరీక్ష ఉచితంగా చెయ్యాలి. నమూనా మండల పశువైద్యశాలలోనే తీసుకోవాలి. ఈ నెల జాయింట్ డైరెక్టర్‌కు ఇచ్చే అర్జీలో ఇది పెడుతున్నాం. పందులున్న సభ్యులు ఈ ఏడాది చచ్చిన పిల్లల లెక్క, మందుల బిల్లులు పట్టుకురండి.