ఒంట్లోని కావలివారికి మనమే అడ్డు కాకూడదు



ఓ.పి.లోను వార్డులలోను మేము రోజూ రెండు రకాల మాటలు వింటూ ఉంటాము. "సిస్టరమ్మా, బాబుకు జలుబు తగ్గటం లేదు, గట్టి ఇంజెక్షన్ ఒకటి వేయించండమ్మా" అనేది ఒకటి. "దేవుడు ఒంట్లోనే శక్తి పెట్టాడు గదండీ, రెండు నెలలు మందు మింగాం, ఇంకా ఎందుకు?" అనేది రెండవది. మొదటివారు తమ ఒంటిని బొత్తిగా నమ్మరు. రెండవవారు దాని మీద మోయలేని బరువు పెడతారు. ఈ ఇద్దరూ ఒకే సంగతి తెలియక నష్టపోతున్నారని మా అభిప్రాయము. ఆ సంగతి ఏమిటంటే, మన తెల్ల రక్తకణాలు రోగక్రిములను ఎలా మింగుతాయి, ఎక్కడ మింగలేక ఓడిపోతాయి అన్నది. ఇది తెలిస్తే అక్కరలేని మందులు తగ్గుతాయి, అక్కరైన మందులు మధ్యలో ఆపటమూ తగ్గుతుంది.

ముల్లు గుచ్చి చూసిన శాస్త్రవేత్త

ఈ సంగతిని మొదట గట్టిగా చెప్పినది రష్యా దేశపు జంతు శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్. 1882లో ఆయన ఇటలీలోని సిసిలీ దీవిలో, మెస్సీనా అనే ఓడరేవు పట్టణములో ఉన్నాడు. ఒకరోజు ఇంట్లో వాళ్ళందరూ సర్కస్ చూడబోతే ఆయన మాత్రం సూక్ష్మదర్శిని ముందు కూర్చుని నక్షత్ర చేప పిల్లలను పరిశీలిస్తున్నాడు. అవి గాజులాగా ఉంటాయి కాబట్టి లోపల తిరిగే కణాలు బయటికే కనబడతాయి. ఆ కణాలు బయటినుంచి చొరబడిన వస్తువుతో పోరాడే కావలివారేమో అని ఆయనకు తోచింది. వెంటనే పెరట్లోని గులాబీ ముళ్ళు తెచ్చి ఆ పిల్లల చర్మము కింద గుచ్చాడు. కొద్ది రోజుల ముందే పిల్లల కోసం ఒక చిన్న కమలా చెట్టును క్రిస్మస్ చెట్టుగా అలంకరించిన పెరడు అది. ఆత్రముతో ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారి చూస్తే కణాలన్నీ ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి.

మనకున్నట్లు రక్తనాళములు కూడా లేని అంత చిన్న ప్రాణిలో ఇది జరిగింది. మన కాలిలో ముల్లు విరిగితే రెండో రోజుకు అక్కడ ఎర్రబారి, వాచి, సలుపు పెట్టి చీము పడుతుంది గదా, అదీ ఇదే పని. 1883లో ఈ కణాలకు "తినే కణాలు" అనే అర్థము వచ్చే గ్రీకు మాటలతో ఫాగోసైట్లు అని పేరు వచ్చింది. మన పిల్లల పాఠ్యపుస్తకాలలో వీటినే భక్షక కణాలు అంటారు. 1884లో మెచ్నికోవ్ డాఫ్నియా అనే నీటి పురుగులో బూజు జాతి క్రిమి ప్రవేశించినప్పుడు జరిగే యుద్ధమును వర్ణించాడు. కణాలు బూజు గింజలను మింగివేస్తే పురుగు బ్రతికింది, మింగలేకపోతే చచ్చింది.

ఆ రోజులలో చాలామంది వైద్యులు ఇందుకు విరుద్ధముగా అనుకునేవారు. తెల్లకణాలు క్రిములను మోసుకుని ఒళ్ళంతా పంచుతాయని వారి భయము. మెచ్నికోవ్ పాతికేళ్ళు వాదించవలసి వచ్చింది. చివరకు 1908లో ఆయనకు, రక్తములోని రక్షక పదార్థములపై కృషి చేసిన పాల్ ఎర్లిష్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

రొయ్య నుండి మనిషి వరకు

ఈ కాపలా మనుషులకే ప్రత్యేకమైనది కాదు. నీటిలోని అమీబా తిండి కోసం చేసే పనినే స్పంజికలో, వానపాములో, పురుగులలో కొన్ని కణాలు తిండికీ రక్షణకూ చేస్తున్నాయి. సోమరిని చీమల దగ్గరకు వెళ్ళి నేర్చుకొమ్మన్న సొలొమోను మాట మనకు తెలిసినదే. ఆరోగ్యము గురించి కూడా చిన్న ప్రాణుల దగ్గర నేర్చుకోవలసినది చాలా ఉన్నది.

మన కోస్తాలో రొయ్యల చెరువులు ఉన్నవారు ఒక మాట గమనించాలి. రొయ్యకు మనలాగా యాంటీబాడీలు తయారు కావు. దాని రక్తములోని కణాలు క్రిములను మింగటము, మింగలేనంత పెద్దదైతే నలుగురూ కలిసి చుట్టూ గూడు కట్టి బంధించటము, ఇదే దాని రక్షణలో ముఖ్య భాగము. కోడిలో కూడా మింగే కణాలున్నాయి. అయితే క్రిములను చంపే రసాయనములు వాటిలో మనకున్నట్లు ఉండవు, అందుకే కోడికి గడ్డ లేస్తే చీము పలుచగా కారక జున్నులాగా గట్టిగా ఉంటుంది.

ఇక మన సంగతి. మన ఎముకల మూలుగ రోజుకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్ కణాలను తయారు చేస్తుంది. దెబ్బ తగిలిన చోటికి గంటలలో చేరేవి ఇవే. క్రిమిని మింగి, చంపి, తామూ చనిపోతాయి. చీములో ఎక్కువ భాగము ఇలా చనిపోయిన కణాలే. వీటి వెనుక మాక్రోఫేజ్ అనే పెద్ద కణాలు వచ్చి చచ్చిన వాటిని ఎత్తివేస్తాయి. ఇవి ఊపిరితిత్తులలో, కాలేయములో, ప్లీహములో ఎప్పుడూ కాపురముంటాయి. సుమారు 120 రోజులు పనిచేసి ముసలివైపోయిన ఎర్రకణాలను కూడా ఇవే మింగి, వాటిలోని ఇనుమును దాచి తిరిగి వాడకానికి ఇస్తాయి. మన అమ్మమ్మల చేతి మీది పచ్చబొట్టు చెరగకపోవడానికి కారణము కూడా ఇవే. ఆ రంగు రేణువులను మింగిన కణము అరిగించుకోలేక అలాగే పట్టుకుని ఉంటుంది, అది చనిపోతే మరొకటి వచ్చి అందుకుంటుందని 2018లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకలలో చూపించారు.

కావలివారు ఓడిపోయే చోట్లు

ఇక్కడే మేము గట్టిగా చెప్పదలచినది ఉన్నది. ఈ కావలివారు ఎంత నమ్మకస్తులైనా నాలుగు చోట్ల ఓడిపోతారు.

మొదటిది షుగరు. రక్తములో చక్కెర ఎక్కువైతే న్యూట్రోఫిల్‌లు చురుకుగా కదలలేవు, మింగిన క్రిమిని సరిగా చంపలేవు. పైగా కాలికి స్పర్శ తగ్గి దెబ్బ తగిలిన సంగతే తెలియదు. చెప్పు కరచిన చిన్న పుండుతో వచ్చి వేలు పోగొట్టుకున్నవారిని మేము వార్డులో చూస్తున్నాము. వారిలో చాలామంది ముందు వారము రోజులు ఇంట్లో పసుపో, సున్నమో, కాఫీపొడో, ఆకు పసరో పెట్టి వచ్చినవారే. అవన్నీ పుండులో పడిన పరాయి రేణువులే గదా. క్రిములను పట్టవలసిన కణాలకు ఆ చెత్త ఎత్తే పని కూడా మనమే పెడుతున్నాము. మంచినీళ్ళు, సబ్బు, శుభ్రమైన గుడ్డ, ఆ రోజే ఆసుపత్రి. షుగరు ఉన్నవారి పుండుకు మేము చెప్పేది ఇంతే.

రెండవది క్షయ. మెచ్నికోవ్ ముల్లు గుచ్చిన 1882లోనే, మార్చి 24న, బెర్లిన్‌లో రాబర్ట్ కోక్ క్షయ క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించాడు. ఈ క్రిమి మాయదారిది. మాక్రోఫేజ్ దానిని మింగుతుంది, కాని అరిగించే రసములు దానిని చేరకుండా ఆ క్రిమి అడ్డుపడి, కావలివాని కడుపులోనే కాపురము పెడుతుంది. కుష్ఠు క్రిమి కూడా ఇలాగే కణాలలోపల దాగేదే. అందుకే క్షయ మందు మామూలుగా 6 నెలలు. రెండు నెలలకు దగ్గు తగ్గి, ఒళ్ళు చేసి, ఆకలి పుడుతుంది. అప్పటికి బయట తిరిగే క్రిములు చచ్చాయి గాని, దాగినవి ఇంకా ఉన్నాయి. ఆ రోజున మందు ఆపితే అవి తిరిగి లేస్తాయి, ఈసారి మందుకు లొంగనివిగా తయారయ్యే ప్రమాదముంది. మందులు ప్రభుత్వము ఉచితముగా ఇస్తున్నది. పోషకాహారము కోసము నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు చేశారు. కనుక డబ్బులేక ఆపాము అనే మాటకు తావు లేదు.

మూడవది దుమ్ము, పొగ. కంకర మిషన్ల దగ్గర, క్వారీలలో, రాయి కోసే పనిలో లేచే సన్నని దుమ్మును ఊపిరితిత్తుల మాక్రోఫేజ్‌లు మింగుతాయి. రాయి అరుగుతుందా? కణమే చచ్చి, దుమ్ము మళ్ళీ బయటపడి, మరొక కణము మింగి, ఇలా జరుగుతూ ఊపిరితిత్తి మచ్చ కట్టి గట్టిపడుతుంది. అలాంటివారికి క్షయ కూడా తేలికగా వస్తుంది. బీడీ, చుట్ట, సిగరెట్టు పొగ కూడా ఈ కణాలను మసి పట్టించి బలహీనపరుస్తుంది. పనిచోట నీళ్ళు చల్లించమని, మాస్కు ఇమ్మని యజమానిని అడగటము కూలివారి హక్కు.

నాలుగవది, క్యాన్సరుకు కీమో మందు తీసుకునేవారు. ఆ మందు మూలుగను కూడా దెబ్బతీసి న్యూట్రోఫిల్‌ల సంఖ్యను తగ్గిస్తుంది. వీరికి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరము వచ్చినా అది అత్యవసరమే. తెల్లవారనిద్దాము అనుకోకుండా రాత్రికి రాత్రే రండి.

ఇంజెక్షన్ అడిగేవారికి

ఇప్పుడు మొదటి మాట. జలుబు వైరస్ వలన వస్తుంది. యాంటీబయాటిక్ దాని మీద పనిచేయదు. పిల్లవాడు ఆడుకుంటూ, పాలు తాగుతూ ఉంటే ఆ పని అతని ఒంట్లోని రక్షణ చేస్తున్నదన్నమాట. గోరువెచ్చని నీళ్ళు, తల్లిపాలు, విశ్రాంతి చాలు. అక్కరలేనప్పుడు వాడిన యాంటీబయాటిక్ వలన క్రిములు మొండివై, రేపు నిజముగా అవసరమైనప్పుడు అదే మందు పనిచేయదు. అయితే ఏది చిన్నది, ఏది పెద్దది అని తెలుసుకోవాలి. నిమిషానికి శ్వాసలు లెక్కపెట్టండి. 2 నెలల నుండి 12 నెలలలోపు బిడ్డకు 50, 1 నుండి 5 ఏళ్ళలోపు బిడ్డకు 40, లేక అంతకు మించితే, డొక్కలు ఎగరేస్తుంటే, ఏమీ తాగలేకపోతే, ఫిట్స్ వస్తే, మగతగా పడి ఉంటే వెంటనే తీసుకురండి. 2 నెలలలోపు పసిబిడ్డకు ఏ జ్వరమైనా ఆగవద్దు.

2020లో కరోనా వచ్చినప్పటినుండి రోగనిరోధక శక్తి పెంచుతామని పొడులు, డబ్బాలు అమ్మేవారు పెరిగారు. కావలివారికి కావలసినది డబ్బా కాదు. ఆ డబ్బుతో ఇంటికి గుడ్లు, పప్పు, ఆకుకూర కొనండి, షుగరు పరీక్ష చేయించుకోండి. వారికి నిజముగా చేయూతనిచ్చేది టీకా. న్యుమోనియా కలిగించే ఒక ముఖ్యమైన క్రిమికి పైన జారుడు పొర ఉంటుంది, కణానికి పట్టు దొరకదు. టీకా వలన పుట్టిన యాంటీబాడీలు ఆ పొరకు అంటుకుంటే అప్పుడు కణము దానిని పట్టి మింగగలుగుతుంది. చప్పిడి ముద్దకు ఊరగాయ కలిపినట్లన్నమాట. పి.సి.వి. అనే ఈ టీకా 2017లో మొదలై 2021 నాటికి దేశమంతటా ఉచిత టీకాలలో చేరింది. 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు వేయించాలి.

ప్రార్థన, మాత్ర

చివరగా మన సంఘ కుటుంబములతో ఒక మాట. స్వస్థత కొరకు ప్రార్థించి, ఆ విశ్వాసముతో మందు మానినవారు కొందరు ఉన్నారు. ప్రార్థన మానమని మేము ఎన్నడూ చెప్పము. మా డ్యూటీ కూడా ప్రార్థనతోనే మొదలవుతుంది. కాని కావలివారిని మన ఒంట్లో పెట్టిన దేవుడే, వారు ఓడే చోట సహాయము చేయడానికి మందును కనుగొనే బుద్ధిని మనుష్యులకు ఇచ్చాడని మేము నమ్ముతున్నాము. కోట గోడకు కావలివాడు ఉన్నాడు గదా అని తలుపు తీసి పడుకునేవారు ఉండరు. ప్రార్థన చేసి మాత్ర మింగండి. మాత్ర మింగి స్తోత్రము చెప్పండి. పాస్టరు గారలకు మా విన్నపము ఏమనగా, సంఘములో క్షయ మందు వాడుతున్న విశ్వాసి ఉంటే, "ఈ నెల మందు తెచ్చుకున్నావా తమ్ముడూ, తెచ్చుకున్నావా అమ్మా" అని అడగండి. మీ ఆ ఒక్క ప్రశ్న మా పది సలహాలకంటె బలమైనది.

ప్రభువు మిమ్మును, మీ ఇంటివారిని క్షేమముగా కాపాడును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్