పాడే ముందు ఒక్క నిమిషం

మనలో చాలామందికి మూడు నాలుగేళ్లకోసారి ఊరు మారుతుంది. సామాన్లు లారీలో వస్తాయి, స్నేహితులు రారు. వాళ్ల గొంతులను మాత్రం వెంట తీసుకుపోవచ్చు. అందుకే పోయిన ఏడాది మా తరగతిలో ఇద్దరి నాన్నలకు బదిలీ అయిందని తెలియగానే, ప్రార్థన సమావేశంలో పాడే తెలుగు పాటను కంప్యూటర్ గదిలో రికార్డు చేశాం.

తర్వాత స్పీకర్లు పెట్టి విన్నాం. ఒక్కరే పాడిన పల్లవి లీలగా వినిపించింది. అందరం గొంతు కలిపిన చోట అంతా గరగర. స్పీకర్ల శబ్దం తగ్గిస్తే గరగర చిన్నదైంది గాని పోలేదు. అప్పటికే ఆ ఇద్దరూ రైలెక్కేశారు. తప్పు కంప్యూటర్‌ది కాదు, మాది.

కంప్యూటర్‌లో రెండు లెవెల్స్ ఉంటాయి. ఒకటి మైకు నుంచి లోపలికి వెళ్లే శబ్దానిది, రెండోది స్పీకర్ల నుంచి బయటికి వచ్చే శబ్దానిది. మేము రెండోదాన్నే పట్టించుకున్నాం. దాన్ని ఎంత మార్చినా రికార్డయిన పాట మారదు. సీడీలో వాడే 16 బిట్ పద్ధతిలో శబ్దాన్ని కొలవడానికి 65,536 మెట్లు ఉంటాయి. చివరి మెట్టే సున్నా డెసిబెల్స్. గొంతు దాన్ని దాటితే ఇక మెట్లు లేవు, శబ్ద తరంగం కొసలు తెగిపోతాయి. నిండిన బిందెలో ఇంకా నీళ్లు పోస్తే ఒలికిపోయినట్టే. అలాగని లెవెల్ మరీ తగ్గించినా చిక్కే. తర్వాత పాటను పెంచితే ఫ్యాను చప్పుడూ పెరుగుతుంది.

సెల్‌ఫోన్‌లో అయితే లెవెల్ దానంతటదే సర్దుకుంటుంది కదా అని కొందరు అంటారు. నిజమే. కానీ మెల్లగా పాడిన చోట పెంచి, గట్టిగా పాడిన చోట తగ్గిస్తే పాటలోని ఎత్తుపల్లాలు పోతాయి. అందుకే ఆ సదుపాయాన్ని ఆపి, లెవెల్ మనమే పెట్టుకోవడం మంచిదని మా అభిప్రాయం.

పని పెద్దదేమీ కాదు. ముందు అందరూ గట్టిగా పాడే చరణాన్ని ఒకసారి పాడించాలి. అప్పుడు మీటరు సున్నాకు 12 నుంచి 6 డెసిబెల్స్ కిందనే ఆగేలా మైకు లెవెల్ సరిచేయాలి. నిలబడే చోటును సుద్దముక్కతో గీసుకోవాలి. ఆ అంకెను నోటుబుక్కులో రాసుకోవాలి. వినేటప్పుడు స్పీకర్ల శబ్దాన్ని రోజూ ఒకే గుర్తు దగ్గర ఉంచాలి. లేకపోతే ఏ పాట నిజంగా తగ్గిందో, ఏది పెరిగిందో తెలియదు.

ప్రతి కంప్యూటర్ గదిలో ఇలాంటి నోటుబుక్కు ఒకటి ఉండాలని మేము కోరుతున్నాం. రాసినవాళ్లు బదిలీపై వెళ్లిపోయినా ఆ అంకెలు తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తాయి. పాటను ఎన్నిసార్లయినా పాడుకోవచ్చు. కానీ అదే గుంపు మళ్లీ ఒకచోట చేరడం మన చేతుల్లో లేదు.